ఎన్నోసారి విని చెబుతున్నారు?

(విశాఖపట్నంలో పాత రికార్డులంటే ఇష్టమున్న మిత్రులు కొందరు నెలకోసారి కలుస్తారు. 1970ల నాటి రాక్, పాప్ ఆల్బముల మీద శ్రోతల అభిప్రాయాల గురించి ఆ సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు. అంటే నా మాట వినపడుతూ అయినా ఉండాలి, లేదా ఈ ప్రశ్న కూడా వినపడకుండా అయినా ఉండాలి. సరే, మొదలుపెడతాను.

పోయిన నెల ఇక్కడ జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. ఫ్లీట్‌వుడ్ మాక్ అనే బ్యాండు వాళ్ళ 'రూమర్స్' గురించి. ఒక పెద్దాయన ఆ దశాబ్దం మొత్తం మీద అంత గొప్ప ఆల్బమ్ ఇంకోటి లేదన్నారు. ఇంకో పెద్దాయన, "అది మిఠాయి కొట్టండీ, రెండు తింటే మూడోది వెగటు" అన్నారు. మాటా మాటా పెరిగింది. ఇద్దరూ ప్రతి నెలా ఒకే కార్లో వచ్చేవాళ్ళు. ఆ రోజు మాత్రం ఒకరు ఆటోలో వెళ్ళిపోయారు. ఇవాళ మళ్ళీ పక్కపక్కనే కూర్చున్నారు కాబట్టి పేర్లు చెప్పను.

ఆ రోజు నేను నోరు మెదపలేదు. తర్వాత ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి ఒకటే అడిగాను. సార్, మీరు దాన్ని ఎన్నిసార్లు విన్నారు? మిఠాయి కొట్టు అన్నాయన, 1979లో హాస్టల్లో రెండుసార్లు విన్నానన్నారు. గొప్పదన్నాయన కాసేపు ఆలోచించి, "లెక్క ఎవరు పెడతారండీ, ఇవాళ పొద్దున కూడా విన్నాను" అన్నారు. మరి వీళ్ళిద్దరూ కొట్లాడుకున్నది ఒకే ఆల్బమ్ గురించేనా? నాకైతే అనుమానమే. ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ అనుమానం చుట్టూనే తిరుగుతుంది. ఎవరైనా ఒక ఆల్బమ్ బావుందన్నా, బాలేదన్నా, ఎన్నోసారి విని చెబుతున్నారు? ఎన్నోసారి?

మనకి ఇదేం కొత్త సంగతి కాదు. కొత్త సినిమా వచ్చిన రోజు మార్నింగ్ షో వదిలే వేళకి హాలు బయట నిలబడేవాళ్ళం కదా, "టాక్ ఏంటి గురూ?" అంటూ. డివైడ్ టాక్ అన్నారంటే మ్యాట్నీకి జనం పల్చబడేవాళ్ళు. సినిమాకి అది చెల్లుతుంది, ఎందుకంటే ఎక్కువమంది ఒక్కసారే చూస్తారు. రికార్డు అలా కాదు. అది ఆవకాయ. కలిపిన రోజే వేలు పెట్టి నాకి, బాలేదన్నవాడిని ఇంట్లో ఏమంటారు? మూడో రోజు తిరగకలిపేదాకా ఆగరా అంటారు. రికార్డుకీ ఒక మూడో రోజు ఉంటుంది. పాపం పత్రికల్లో సమీక్ష రాసేవాడికి అంత ఆగే వీలుండదు. వాడిది మార్నింగ్ షో బతుకు.

పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' సంగతి చూడండి. 1973 మార్చిలో వచ్చింది. అంతకు ముందు పత్రికలవాళ్ళని లండన్ ప్లానెటేరియంకి పిలిచి వినిపించారు. చుట్టూ నాలుగు స్పీకర్లలోంచి వినపడేలా క్వాడ్రాఫోనిక్ మిక్స్ చేసి అదరగొట్టాలని అనుకున్నారు. అది సమయానికి తయారు కాలేదు. మామూలు స్టీరియోనే, అదీ నాసిరకం స్పీకర్లలో పెట్టారు. బ్యాండులో నలుగురుంటే ముగ్గురు అలిగి అసలు రానేలేదు. రిక్ రైట్ ఒక్కడే వచ్చాడు. వచ్చినవాళ్ళని పలకరించడానికి ఆ నలుగురివీ నిలువెత్తు అట్టబొమ్మలు నిలబెట్టారట. ఊహించుకోండి! ఆబీ రోడ్ స్టూడియోలో నెలల తరబడి కూర్చుని, గడియారాలు, గుండె చప్పుడు, చిల్లర గలగల అన్నీ ఒక్కొక్కటిగా అతికించుకుంటూ చేసిన పని. దాన్ని తొలిసారి విన్నవాళ్ళు పెళ్ళి పందిట్లో మైకు సెట్టు విన్నట్టు విన్నారు. ఎదురుగా అట్టబొమ్మలు.

ఆ ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానంలో ఎన్నాళ్ళుందో తెలుసా? ఒక్క వారం. ఒకే ఒక్క వారం. కానీ అక్కడ ఏ ఆల్బములు ఎక్కువ నడుస్తున్నాయో వారం వారం చెప్పే బిల్‌బోర్డ్ రెండువందల జాబితాలో 1973 నుంచి 1988 దాకా మొత్తం 700 వారాలకు పైగా ఉంది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది విడుదల హడావుడి. రెండోది పక్క గదివాడు విని, వాడి తమ్ముడు విని, వాడికి పెళ్ళయ్యాక పాతది అరిగిపోయి మళ్ళీ కొనుక్కుని... అలా పేరుకున్న లెక్క.

అయినా అన్నిసార్లు ఎందుకు విన్నారు? ఓపిక ఎక్కువై కాదు. డబ్బులు పెట్టారు కాబట్టి. ఇది కాస్త మొరటుగా ఉంటుంది, కానీ నిజం. కుర్రాడు దాచుకున్న డబ్బులతో ఒక ఎల్పీ కొన్నాడు. ఇంటికెళ్ళి పెట్టాడు. నచ్చలేదు. ఏం చేస్తాడు? వాపసు తీసుకోరు. ఇంకో రికార్డు కొనాలంటే ఇంకో రెండు నెలలు ఆగాలి. అందుకని దాన్నే మళ్ళీ పెడతాడు. ముల్లు ఎత్తి నచ్చిన పాట దగ్గర దింపొచ్చు కానీ గీత పడుతుందని భయం. అందుకని సైడు మొత్తం వింటాడు, ఇరవై నిమిషాలు. నాలుగోసారికి, నచ్చలేదనుకున్న మూడో పాట నోట్లో ఆడుతుంది. పదోసారికి, కొన్నప్పుడు నచ్చిన మొదటి పాట విసుగేసి, నచ్చని ఆ మూడో పాట కోసమే రికార్డు పెడతాడు. మీలో ఎంతమందికి ఇలా జరిగింది? చూశారా, ఇప్పుడు చేతులు లేస్తున్నాయి.

నా సంగతి చెబుతాను. నేను రికార్డు కొన్నవాణ్ణి కాదు, కేసెట్ల బాపతు. 1981. అప్పట్లో డాబా గార్డెన్స్ వైపు ఒక షాపులో బ్లాంక్ కేసెట్, ఒక చీటీ ఇస్తే కావలసినవి రికార్డు చేసిపెట్టేవాళ్ళు. నేను సిక్స్టీ కేసెట్ ఇచ్చాను. అంటే సైడుకి ముప్పై నిమిషాలు. నైంటీ కొనడానికి డబ్బుల్లేవు. చీటీ మీద 'డార్క్ సైడ్' అని రాసిచ్చాను. ఆ ఆల్బమ్ మొదటి సైడు దాదాపు పంతొమ్మిది నిమిషాలు. మరి మిగిలిన పదకొండు నిమిషాలు? ఖాళీగా వదిలేస్తే కస్టమర్ డబ్బులు వేస్ట్ అని ఆ షాపతనికి బాధ. మంచి మనిషి. ఏం చేశాడు? డిస్కో బృందం బోనీ ఎమ్ పాటలు వేశాడు.

నవ్వకండి. నాకు ఎవరు చెబుతారు? ఆ సైడు చివరి పాట 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'. మాటలుండవు, ఒక ఆడమనిషి గొంతు ఎక్కడికో ఎగిసి, నెమ్మదిగా కూలబడి ఆగిపోతుంది. ఆగిన వెంటనే 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' మొదలు. దాదాపు రెండేళ్ళు అది కూడా ఆల్బమ్‌లో భాగమే అనుకున్నాను. అనుకోవడమే కాదు, అంత దుఃఖం తర్వాత అంత ఉషారుగా పాట పెట్టారంటే ఎంత ధైర్యం, ఎంత తాత్వికత అని స్నేహితులకి ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. ఒకడు నోట్సు కూడా రాసుకున్నాడు. తర్వాత మద్రాసులో బంధువుల ఇంట్లో అసలు రికార్డు విన్నప్పుడు, ఆ గొంతు ఆగాక గర్... గర్... అని ముల్లు తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. నాకు ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. ఇవాళ్టికీ ఆ పాట అయిపోగానే నా చెవి బోనీ ఎమ్ కోసం చూస్తుంది. నేను లెక్కలేనన్నిసార్లు విన్నవాణ్ణి, సరే, కానీ దేన్ని విన్నాను? అదీ అడగాలి.

సరే, విమర్శకుల దగ్గరికి వద్దాం. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం. బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ వచ్చిన రోజు. బర్మింగ్‌హామ్ కార్మికవాడల కుర్రాళ్ళు నలుగురు. గిటారు వాయించే టోనీ అయోమీకి రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ కరిగించి టోపీల్లాంటివి చేసుకుని వేళ్ళకి తొడుక్కుని వాయించేవాడు. ఆల్బమ్ మొత్తం ఒక్క రోజులో రికార్డు చేసేశారు. 'రోలింగ్ స్టోన్' పత్రికలో లెస్టర్ బాంగ్స్ దాన్ని చీల్చి చెండాడాడు. క్రీమ్ బ్యాండుకి నాసిరకం నకలు అన్నట్టు రాశాడు. కొన్నవాళ్ళు మాత్రం కొంటూనే ఉన్నారు. బ్రిటన్‌లో మొదటి పదిలోకి వెళ్ళింది. ఇవాళ హెవీ మెటల్ అనే బరువైన రాక్ శైలి ఎక్కడ పుట్టిందని అడిగితే ఎక్కువమంది వేలు పెట్టి చూపించేది ఆ రికార్డునే.

బాంగ్స్ తెలివితక్కువవాడా? అస్సలు కాదు. రాక్ మీద అంత ప్రాణం పెట్టి రాసినవాళ్ళు తక్కువ. నాకు అర్థమైంది చెబుతాను. కొత్తదాన్ని మొదటిసారి విన్నప్పుడు చెవి ఏం చేస్తుంది? తెలిసినదానితో పోలుస్తుంది. అంతకన్నా దానికి గత్యంతరం లేదు. క్రీమ్ తెలిసిన చెవికి అది క్రీమ్‌లా, కాకపోతే బరువెక్కిన క్రీమ్‌లా వినపడింది. బర్మింగ్‌హామ్‌లో పదహారేళ్ళ కుర్రాడికి పోల్చుకోవడానికి ఏమీ లేదు. వాడికి అది రేకుల ఫ్యాక్టరీలా వినపడి ఉంటుంది. ఎక్కువ తెలిసి ఉండటం కూడా ఒక్కోసారి అడ్డమే.

లెడ్ జెప్పెలిన్ వాళ్ళకైతే ఈ విమర్శకుల మీద ఒళ్ళు మండిపోయింది. మొదటి ఆల్బమ్ నుంచీ వాయింపులే. మూడోదానికీ సరైన మర్యాద దక్కలేదు. దాంతో 1971 నవంబరులో నాలుగో ఆల్బమ్ అట్ట మీద పేరే వెయ్యలేదు. బ్యాండు పేరూ లేదు, ఆల్బమ్ పేరూ లేదు. కట్టెల మోపు మోస్తున్న ముసలాయన బొమ్మ ఒక్కటే. మా పేరు చూసి తిట్టకండి, పేరు లేకుండా వినండి అన్నట్టు. జనం కోట్లలో కొన్నారు. మన దేశంతో వీళ్ళకో చిన్న బంధుత్వం కూడా ఉంది. 1972లో జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ బొంబాయి వచ్చి అక్కడి వాద్యకారులతో రెండు పాటలు రికార్డు చేశారు. అవి అధికారికంగా బయటికొచ్చింది 2015లో! నలభై మూడేళ్ళు డబ్బాలో ఉన్నాయి. మొదటిసారి వినడానికే నలభై మూడేళ్ళు పట్టింది.

'రామ్' గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, నాకు ఇష్టం కాబట్టి. 1971 మే. పాల్ మెకార్ట్నీ, ఆయన భార్య లిండా ఇద్దరి పేరుతో వచ్చింది. బీటిల్స్ విడిపోయి అప్పటికి సుమారు ఏడాది. జనం ఏ చెవితో విన్నారో ఆలోచించండి. ఉమ్మడి కుటుంబం విడిపోయింది. పంపకాల గొడవ కోర్టుకెక్కింది. అప్పుడు నలుగురిలో ఒకడు పెళ్ళాంతో కలిసి హాయిగా పాడుకుంటూ వచ్చాడు. చుట్టాలకి ఎలా ఉంటుంది? 'రోలింగ్ స్టోన్'లో జాన్ లాండౌ పనికిమాలినదని తేల్చేశాడు. బీటిల్స్‌లో ఆయన తోటివాడు జాన్ లెనన్‌కి అందులో తన మీద ఎత్తిపొడుపులు వినపడ్డాయి. మెకార్ట్నీ ఒకట్రెండు వేశాడు కూడా. లెనన్ అదే ఏడాది 'ఇమాజిన్' ఆల్బమ్‌లో ఒక పాట పెట్టి తిరిగి కసి తీర్చుకున్నాడు. అంటే అప్పట్లో 'రామ్' విన్నవాళ్ళు పాటలు వినలేదండీ, తగాదా విన్నారు. గోడకి చెవి ఆనించి విన్నారు.

ఇవాళ ఇరవై రెండేళ్ళ కుర్రాడు 'రామ్' వింటాడు. వాడికి ఆ తగాదా పట్టదు. ఆ గొంతుల అల్లిక, ఇంట్లో కూర్చుని చేసినట్టుండే ఆ తీరు, ఒక పాటలోంచి ఇంకో పాట పుట్టుకురావడం, ఇవి వినపడతాయి. ఇప్పుడు దాన్ని మెకార్ట్నీ సొంత ఆల్బముల్లో పైవరసలో పెట్టేవాళ్ళు చాలామంది. రికార్డులో ఒక్క స్వరం మారలేదు. చుట్టాలు పోయారు, అంతే.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. నేనేదో పదిసార్లు వింటే ప్రతిదీ బంగారం అవుతుందని చెబుతున్నట్టుంది. అలా ఏం కాదు. మొదటిసారి ఒళ్ళు జలదరించి, పదోసారికి డొల్ల అని తెలిసిపోయిన ఆల్బములు నా అలమారలోనే ఒక వరస నిండా ఉన్నాయి. పేర్లు చెబితే మీలో కొందరు ఆటో ఎక్కుతారు. ఒక్కటి చెబుతాను, దానికి ఎవరూ కోప్పడరనుకుంటా. బీటిల్స్‌లోనే ఇంకొకడు, జార్జ్ హారిసన్ చేసిన 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్', 1970. మూడు ఎల్పీల పెట్టె. మొదటి రెండూ నాకు ప్రాణం. మూడోది స్టూడియోలో స్నేహితులు కూర్చుని ఊరికే వాయించుకున్నది. పాత రికార్డుల దుకాణంలో ఆ పెట్టె కనిపిస్తే తీసి చూడండి. మొదటి రెండూ గీతలు పడి ఉంటాయి, మూడోది కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తుంటుంది. శ్రోతల అభిప్రాయం కావాలంటే ఏ సమీక్షా చదవక్కర్లేదు, గాడి అరుగుదల చూస్తే చాలు.

అదే పెట్టెలో 'మై స్వీట్ లార్డ్' ఉంది కదా. హల్లెలూయా, హరేకృష్ణ అందరికీ వినపడతాయి. చివర్లో వెనక గొంతులు 'గురుర్బ్రహ్మా గురుర్విష్ణుః' అంటాయి. నేను ఇరవైసార్లు విన్నాక గానీ పట్టుకోలేదు. చిన్నప్పుడు బళ్ళో రోజూ చదివిన శ్లోకమే! ఇక్కడ ఇప్పుడే తెలిసినవాళ్ళు ఎంతమంది? చూశారా. మనకే ఇలా ఉంటే డెట్రాయిట్‌లో శ్రోతకి ఎన్నోసారికి వినపడాలి?

హారిసన్ పేరు వచ్చింది కాబట్టి, సున్నా సారి అభిప్రాయం గురించి చెప్పాలి. అంటే వినకముందే చెప్పేది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ. ముందు రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా. వేదిక మీద కూర్చుని శ్రుతి చేసుకున్నారు. ఆపగానే హాలంతా చప్పట్లు! రవిశంకర్ నవ్వి, శ్రుతి చేసుకోవడమే మీకింత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందనుకుంటా అన్నాడు. ఆ మాట, ఆ చప్పట్లు అన్నీ తర్వాత వచ్చిన మూడు ఎల్పీల ఆల్బమ్‌లో అలాగే ఉంచారు. ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. నాకు ఆ చప్పట్లంటే గౌరవం. తెలియకపోయినా మంచి మనసుతో కొట్టిన చప్పట్లు అవి.

సున్నా సారి అభిప్రాయానికి ఇంకో ముఖం ఉంది, అది అంత అందంగా ఉండదు. 1979 జులై 12, షికాగో. బేస్‌బాల్ మైదానం. డిస్కో రికార్డు ఒకటి తెచ్చి ఇస్తే 98 సెంట్లకే టికెట్. డిస్కో అంటే గిట్టని స్టీవ్ డాల్ అనే రేడియో ఆయన నడిపించాడు. సుమారు యాభై వేల మంది వచ్చారు. మొదటి ఆట అయ్యాక, తెచ్చిన రికార్డులన్నీ పెట్టెలో పోసి మైదానం మధ్యలో పేలుడు మందు పెట్టి పేల్చారు. జనం మైదానంలోకి దూకారు, పచ్చిక కాలింది, రెండో ఆట రద్దయింది. అక్కడ జనాన్ని సీట్లలో కూర్చోబెట్టే పనిలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు ఉన్నాడు. తెచ్చినవాటిలో చాలా వరకు డిస్కోయే కాదని, నల్లవాళ్ళ పాటల రికార్డులని తర్వాత చెప్పాడు. అంటే ఏం విన్నారని పేల్చారు? అట్ట మీద బొమ్మ చూశారు, అంతే కదా? ఆ ముందు ఏడాదే 'సాటర్‌డే నైట్ ఫీవర్' పాటల ఆల్బమ్ అమెరికాలో వరసగా 24 వారాలు మొదటి స్థానంలో ఉంది. కొన్నవాళ్ళూ ఆ ఊళ్ళోనే ఉన్నారు, పేల్చినవాళ్ళూ ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఇద్దరిలో ఒకడే రెండు పనులూ చేసి ఉండడని మాత్రం నేను అనుకోను. ఆ కుర్రాడు లారెన్స్ తర్వాత అదే షికాగోలో హౌస్ అనే కొత్తరకం డాన్స్ సంగీతం మొదలుపెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు. డిస్కో పేలిపోలేదు, పేరు మార్చుకుంది.

ఇలాంటిదే ఇంకో చిన్న సంగతి, నవ్వుకోవడానికి. సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బ్యాండు గాయకుడు జానీ రాటెన్, పింక్ ఫ్లాయిడ్ టీషర్టు మీద 'ఐ హేట్' అని రాసుకుని తిరిగేవాడు. పంక్ ఉద్యమానికే అది జెండా. చాలా ఏళ్ళ తర్వాత, పింక్ ఫ్లాయిడ్ నచ్చదని ఎవరంటారండీ అని ఆయనే అన్నాడు. టీషర్టు మీద అభిప్రాయం వేరు, ఇంట్లో తలుపేసుకుని విన్నప్పుడు వేరు. మనమూ అంతే. కాలేజీలో ఆబ్బా అనే పాప్ బృందం పాటలు వింటున్నామని ఎవరైనా చెప్పామా? చెప్పలేదు. విన్నామా?

మళ్ళీ 'రూమర్స్'. తప్పదు. 1977 ఫిబ్రవరి. అమెరికాలో మొత్తం 31 వారాలు మొదటి స్థానం. ఆ బ్యాండులో ఉన్న భార్యాభర్తలు విడిపోతున్నారు, ఇంకో జంట విడిపోతోంది, డ్రమ్స్ వాయించేవాడి సంసారమూ కూలుతోంది. పగలు ఒకరినొకరు పలకరించుకోరు, మైకు ముందు కలిసి పాడతారు. ఈ సంగతి తెలిసి వింటే ఒకలా ఉంటుంది, తెలియక వింటే ఇంకోలా. మిఠాయి కొట్టు అన్నాయనకి హాస్టల్లో ఈ సంగతి తెలియదట. ఆయన తప్పు కాదు.

దాని తర్వాత 1979లో 'టస్క్' అని రెండు ఎల్పీల ఆల్బమ్ చేశారు. పది లక్షల డాలర్లకు పైగా ఖర్చు. ఇంకో 'రూమర్స్' వస్తుందనుకున్న జనానికి, గతుకుల రోడ్డు మీద బండి లాంటి పాటలు వచ్చాయి. నలభై లక్షలు అమ్ముడైతే ఫ్లాప్ అన్నారు! మనవాళ్ళలో పెద్ద హీరో సినిమా వంద రోజులాడినా అంతకు ముందుది రెండొందల రోజులాడిందని ఫ్లాప్ అనడంలా. విడుదలకి ముందే ఒక రేడియో సంస్థ ఆల్బమ్ మొత్తం వరసగా వేసేసింది, జనం ఇళ్ళలో టేపు చేసేసుకున్నారు, అందుకే అమ్ముడుపోలేదని డ్రమ్స్ వాయించే మిక్ ఫ్లీట్‌వుడ్ బాధ. నేను మాత్రం ఆ టేపు చేసుకున్నవాళ్ళ పక్షమే. కారణం మీకు తెలుసు.

ఇప్పుడు 'టస్క్'ని నెత్తిన పెట్టుకునే వాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు ఇంకా ఎక్కలేదు. ఐదుసార్లు విన్నాను. ఇంకో ఐదు బాకీ.

జాబితాల గురించి రెండు ముక్కలు. 'రోలింగ్ స్టోన్' 2003లో అయిదువందల గొప్ప ఆల్బముల జాబితా వేసింది. మొదటిది బీటిల్స్ 'సార్జెంట్ పెపర్'. 2020లో కొత్తగా ఓట్లు వేయించి మళ్ళీ వేశారు. మొదటిది మార్విన్ గే 1971లో చేసిన 'వాట్స్ గోయింగ్ ఆన్'. జోనీ మిచెల్ 'బ్లూ', అదీ 1971దే, మూడోది. 'రూమర్స్' 25 నుంచి 7కి ఎక్కింది. 'సార్జెంట్ పెపర్' 24కి దిగింది. నన్నడిగితే ఇది పాటల జాబితా కాదు, ఓటర్ల జాబితా. ఓటు వేసేవాళ్ళలో ఆడవాళ్ళు, నల్లవాళ్ళు, చిన్నవాళ్ళు పెరిగేసరికి వరస మారింది. 'బ్లూ'ని 1971 నుంచీ గుండెలకి హత్తుకున్న ఆడపిల్లలు లక్షల్లో ఉండి ఉంటారు. వాళ్ళని అడిగినవాళ్ళు లేరు, అంతే. జాబితాలంటే నాకు పెద్ద గౌరవం లేదు, ముందుకెళ్దాం.

నిక్ డ్రేక్ గురించి చెప్పకుండా ఎలా? 1972లో 'పింక్ మూన్'. 28 నిమిషాలు. ఒక గొంతు, ఒక గిటారు, ఒక పాటలో కాస్త పియానో. రెండు రాత్రుల్లో రికార్డు చేశాడు. కొన్నవాళ్ళు కొద్దిమందే. 1974లో 26 ఏళ్ళకే చనిపోయాడు. పాతికేళ్ళ తర్వాత, 1999లో, ఒక కార్ల కంపెనీ రాత్రిపూట వెన్నెల్లో కారు వెళ్తున్న ప్రకటనకి అందులోని 'పింక్ మూన్' పాట వాడింది. వారాల్లో జనం ఎగబడి కొన్నారు. ప్రకటన చూసి కొన్నారని మూతి విరిచేవాళ్ళున్నారు. విరవనివ్వండి. అర నిమిషం విని ఆగిపోయి, ఎవరిదీ గొంతు అని వెతుక్కుంటూ వెళ్ళినవాడి మొదటి వినికిడి కంటే శ్రద్ధైనది ఏముంది? మొదటిసారి వినడాన్ని ఇందాకటి నుంచి చులకన చేస్తున్నాను కదా, ఇక్కడ నా లెక్క తప్పుతోంది.

ఇంకోచోట కూడా తప్పింది. అది మా ఇంట్లో. ఆ కేసెట్ తెచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం పెట్టుకుని వింటున్నాను. అమ్మ వంటింట్లో ఉంది. ఆమెకి ఇంగ్లీషు రాదు, రేడియోలో లలిత సంగీతం తప్ప వినదు. ఆ మాటల్లేని గొంతు ఎగిసింది. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. కాసేపు విని, "ఎవర్రా ఆ పిల్ల, అంతలా ఏడుస్తోంది? వాళ్ళింట్లో ఎవరు పోయారు?" అంది.

తర్వాతెప్పుడో చదివాను. ఆ పాడినామె క్లేర్ టోరీ. ఒక ఆదివారం సాయంత్రం పిలిస్తే వచ్చి, రెండుమూడుసార్లు పాడి, 30 పౌన్లు తీసుకుని వెళ్ళిపోయింది. వాళ్ళు దాన్ని వాడతారని కూడా అనుకోలేదట. పాట రాసినవాళ్ళలో ఆమె పేరు చేరడానికి 2005 దాకా, కోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది. ఆల్బమ్ రాకముందు కచేరీల్లో వాయించినప్పుడు ఆ భాగాన్ని పిలిచిన పేరులోనే చావు ఉంది. ప్లానెటేరియంలో కూర్చున్నవాళ్ళు ఏం రాశారో నేను చాలా చదివాను. మా అమ్మ అన్నదానికి దగ్గరగా వచ్చింది ఒక్కటీ కనపడలేదు. ఆమె విన్నది ఒకే ఒక్కసారి. వెంటనే బోనీ ఎమ్ మొదలయ్యేసరికి, "ఇదేంట్రా, అప్పుడే పెళ్ళా?" అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

సరే, చాలాసేపు మాట్లాడాను. ఇప్పుడు రికార్డు పెడతాను. అదే, మొదటి సైడు. ఆ కిటికీ దగ్గరున్నవాళ్ళు కాస్త ఫ్యాన్ ఆపండి, చప్పుడు చేస్తోంది. పంతొమ్మిది నిమిషాలు. ఎన్నోసారి వింటున్నారో ఎవరికి వాళ్ళు మనసులో అనుకోండి. పోయిన నెల కొట్లాడుకున్న పెద్దాయనలిద్దరూ మధ్యలో మాట్లాడకూడదు. సైడు అయిపోయాక ఇంకేదో వస్తుందని చూడకండి, రాదు. నేను మాత్రం చూస్తాను.